రంగు కంటే ముందు రేఖ

పాత మోటారు సైకిలు ఫ్రేము వంగిందో లేదో దారంతో, గుండుతో, జ్యామితితో తేల్చుకునే శాస్త్రం

పాత మోటారు సైకిలును మళ్ళీ రోడ్డెక్కించాలని పూనుకున్నవాళ్ళు మొదట వెతికేది రంగు వేసేవాణ్ణి, ఆ తర్వాత క్రోమ్ పూత పెట్టే షాపుని. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీసే పనివాడు దొరికితే సగం పని అయిపోయిందనుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరటి వసారాల్లో, ధాన్యపు గదుల్లో ఏళ్ళ తరబడి మూలపడ్డ బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు ఉన్నాయి. తాతగారి బండి, నాన్నగారి బండి అన్న మమకారంతో వాటిని బయటికి తీసి బాగుచేయించే పిల్లల్ని చూస్తే సంతోషం కలుగుతుంది. ఆ మమకారానికి తగిన ఫలితం దక్కాలంటే, పెట్టే డబ్బులో మొదటి రూపాయి, ఓపికలో మొదటి పూట ఫ్రేముకే ఇవ్వాలి.

మన మెకానిక్కులు ఛాసిస్ అని పిలిచే ఈ ఇనప గొట్టాల చట్రమే బండిలోని ప్రతి భాగానికీ చోటు చూపిస్తుంది. ముందు చక్రం ఏ గీత మీద నడవాలో, వెనుక చక్రం దాని వెంట ఎలా రావాలో నిర్ణయిస్తుంది. అది ఒక డిగ్రీ మెలి తిరిగి ఉంటే కొత్త టైర్లు, కొత్త బేరింగులు, కొత్త షాకబ్జర్లు ఏవీ ఆ లోపాన్ని మాపలేవు. రంగు వేయించాక ఆ సంగతి బయటపడితే రంగంతా గీకి మళ్ళీ మొదటికి రావాలి. ఇంతటి ముఖ్యమైన పరీక్షకు లేజర్ యంత్రాలు తప్పనిసరేమీ కాదు. దారం, గుండు, రసమట్టం, టేపు, లేత్ మీద తీయించిన రెండు కడ్డీలు చాలు. కొలతలో నాణ్యత పరికరం ఖరీదు వల్ల కంటే కొలిచే పద్ధతి వల్లే ఎక్కువగా వస్తుంది.

ఎక్కడెక్కడి బళ్ళు, ఎలా బతికాయి

మన వైపు కనబడే పాత బళ్ళలో మూడు వంశాలు ప్రధానమైనవి. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. తిరువొత్తియూరు కర్మాగారం నుంచి బుల్లెట్లు దేశమంతా వెళ్ళాయి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి చెకోస్లోవేకియా జావాలను తయారుచేసింది. 1973 నుంచి అవి యెజ్డి పేరుతో వచ్చాయి. పోలండు బండి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల తొలినాళ్ళలో రాజ్‌దూత్ 175ను మొదలుపెట్టింది.

ఇవేవీ అద్దాల గదుల్లో బతికిన బళ్ళు కావు. పాల క్యానులు, ధాన్యం బస్తాలు, చేపల బుట్టలు మోశాయి. పార్వతీపురం, సాలూరు వైపు కొండదారులెక్కాయి. ఒకవైపే వేలాడదీసిన బరువుతో ఏళ్ళ తరబడి తిరిగిన బండికి వెనుక భాగం ఆ వైపుకు కుంగవచ్చు. సైడ్‌కారు తగిలించి నడిపిన బండికి ఫ్రేము మీద నిత్యం పక్క నుంచి బలం పడుతుంది. తుపానులో కూలిన గోడ కిందో చెట్టు కిందో పడి, ఒక్క ప్రమాదం కూడా జరగకుండానే వంగిపోయిన బండీ ఉండవచ్చు. అందుకే ‘మా బండికి ఎప్పుడూ యాక్సిడెంటు కాలేదు’ అన్న భరోసాతో ఊరుకోకుండా కొలిచి చూడాలి.

సరళత గొట్టంలో కాదు, అక్షాల మధ్య

ఫ్రేము సరిగా ఉండటమంటే గొట్టాలన్నీ నిటారుగా ఉండటం అనుకుంటాం. చాలా ఫ్రేముల్లో గొట్టాలను కావాలనే వంచి అతుకుతారు. నిజంగా చూడాల్సినవి రెండు అక్షాలు. ఒకటి హ్యాండిల్ తిరిగే అక్షం: హ్యాండిల్ బేరింగులు (కోన్‌సెట్) కూర్చునే ముందరి గొట్టం గుండా పోయే ఊహా రేఖ. రెండోది వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఊగే అక్షం: పివట్ బోల్టు గుండా అడ్డంగా పోయే రేఖ. బండిని పొడవునా సరిగ్గా రెండు సగాలు చేసే నిలువు తలాన్ని ఊహించుకోండి. హ్యాండిల్ అక్షం పూర్తిగా ఆ తలంలో ఉండాలి. స్వింగ్ ఆర్మ్ అక్షం ఆ తలానికి లంబంగా ఉండాలి. ఈ రెండు షరతులూ తీరితే రెండు చక్రాలూ ఒకే తలంలో నిలబడటానికి ఫ్రేము వైపు నుంచి అడ్డంకి ఉండదు.

మూడో షరతు హ్యాండిల్ అక్షం వాలు. అది నిలువుగా ఉండదు, పై కొన రైడరు వైపుకు వాలి ఉంటుంది. ఆ రేఖను కిందికి పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా నేలను కలుస్తుంది. ఈ రెండు బిందువుల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఆసుపత్రి స్ట్రెచరుకు ఉండే చిన్న తిరుగుడు చక్రాన్ని గమనించండి: తోసిన వైపుకు అదే సర్దుకుని, తాను తిరిగే అక్షం వెనుక నడుస్తుంది. మోటారు సైకిలు ముందు చక్రాన్ని తిన్నగా ఉంచడంలో ట్రెయిల్ చేసే సాయం అలాంటిదే.

దీన్ని లెక్కలో చూద్దాం. 19 అంగుళాల రిమ్ముకు 3.25 అంగుళాల టైరు ఎక్కిస్తే చక్రం వ్యాసార్ధం సుమారు 320 మిల్లీమీటర్లు. అక్షం వాలు 27 డిగ్రీలు, ఆ అక్షం నుంచి ఇరుసు ముందుకు జరిగిన దూరం 50 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు ట్రెయిల్ సుమారు 107 మిల్లీమీటర్లు వస్తుంది. బండి ఎదురుగా దేన్నో గుద్దుకుని ముందరి గొట్టం వెనక్కి నొక్కుకుపోయి, వాలు 24 డిగ్రీలకు తగ్గిందనుకోండి. ట్రెయిల్ 88 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మూడు డిగ్రీల వంపు కంటికి ఆనదు. హ్యాండిల్ మాత్రం తేలికైపోయి, వేగంలో అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు తిరుగుతుంది.

రెండు చక్రాల బండి ఎందుకు పడిపోదన్న ప్రశ్న శాస్త్రజ్ఞుల్ని కూడా చాలాకాలం ఆకట్టుకుంది. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త నడపడానికి వీల్లేని సైకిలును తయారుచేయాలని ప్రయత్నించి, ట్రెయిల్ పాత్ర ఎంత పెద్దదో చూపించాడు. 2011లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది: ట్రెయిల్ సాయం, తిరిగే చక్రాల గైరోస్కోప్ ప్రభావం రెండూ లేకుండా కూడా తనంతట తాను నిలబడే సైకిలును నిర్మించి చూపింది. బరువు ఎక్కడ ఉంది, అక్షం ఎలా వాలింది, ఇరుసు ఎక్కడ ఉంది అన్న అన్ని కొలతలూ కలిసి స్థిరత్వాన్ని ఇస్తాయని దాని సారాంశం. ఫ్రేము వంగినప్పుడు ఆ కొలతలు ఒకటికి రెండు మారిపోతాయి.

ఉక్కు ఎప్పుడు తిరిగొస్తుంది, ఎప్పుడు రాదు

ఉక్కు గొట్టాన్ని కొద్దిగా వంచి వదిలితే తిరిగి యథాస్థితికి వస్తుంది. దీన్ని స్థితిస్థాపకత అంటారు. సాధారణ మెత్తటి ఉక్కు దాదాపు 250 మెగాపాస్కళ్ళ ఒత్తిడి దాకా ఇలా తిరిగొస్తుంది. దాని దృఢత్వపు గుణకం సుమారు 200 గిగాపాస్కళ్ళు. మొదటి సంఖ్యను రెండో దానితో భాగిస్తే 0.125 శాతం వస్తుంది. అంటే మీటరు పొడవు ఉక్కు కడ్డీ 1.25 మిల్లీమీటర్ల వరకు సాగి వెనక్కి రాగలదు. ఆ హద్దు దాటితే వంపు శాశ్వతం. గుంతలో దిగిన ప్రతిసారీ ఫ్రేము కొంచెం వంగి తిరిగి లేస్తూనే ఉంటుంది. హద్దు దాటించిన ఒక్క దెబ్బ మాత్రం లోహంలో నిలిచిపోతుంది.

ఆ దెబ్బ తన గుర్తులు వదులుతుంది. అందుకే పాత రంగును గీకేముందే ఫ్రేమును మంచి వెలుగులో చూడాలి. ఎనామెల్ రంగు పెళుసు. దాని కింద ఉక్కు హద్దు దాటి సాగినచోట అది సన్నగా బీటలిచ్చి, పెచ్చులుగా రాలుతుంది. ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుని ఇంజనీర్లు పెళుసు లక్కపూత పూసి, యంత్ర భాగాల్లో ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూసేవారు. మీ బండి పాత రంగు అచ్చం అలాంటి సాక్షి. రంగు గీకించడంతో మొదలుపెడితే ఆ సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేసినట్టే.

వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ముందరి గొట్టానికి కిందివైపు, డౌన్ ట్యూబు అతుకు దిగువన చిన్న ఉబ్బు లేదా ముడత ఉందేమో వేలితో తడమాలి. ఎదురు దెబ్బ తగిలినప్పుడు అక్కడ గొట్టం నొక్కుకుని ముడత పడుతుంది. హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే స్టాపర్లు నలిగి ఉంటే బండి గట్టిగా పడిందని అర్థం. ఇంజను బిగించే బోల్టు రంధ్రాలు కోలగా సాగి ఉంటే ఫ్రేము ఇంజనును లాగుతోందేమోనని అనుమానించాలి. బుల్లెట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని ఫ్రేము ఇంజను కింద పూర్తిగా చుట్టుకోదు. డౌన్ ట్యూబు ఇంజను ముందరి ప్లేట్ల దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణుంచి వెనుక వరకు ఇంజను క్రాంక్‌కేసే ఫ్రేములో భాగమై బలాన్ని మోస్తుంది. ఇంజను దించేస్తే ఆ చట్రానికి ఒక భుజం లేనట్టే. కాబట్టి బుల్లెట్ ఫ్రేమును ఇంజను బిగించి ఒకసారి, దించి ఒకసారి కొలవాలి. బోల్టులు సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చుంటే మంచి సూచన.

నేరం ఫ్రేముదేనా?

‘గురువుగారూ, బండి ఎడంకి లాగేస్తంది’ అంటూ షెడ్డుకొచ్చినవాడు అప్పటికే తప్పు ఛాసిస్‌దేనని తీర్మానించుకుని ఉంటాడు. ఫ్రేము మీద చెయ్యి వేసేముందు మిగతావాటిని ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ రావాలి.

మొదట చక్రాలు. రిమ్ము అవుటు ఉంటే, అంటే తిరిగేటప్పుడు పక్కలకు ఊగుతుంటే, ఏ కొలతా నిలవదు. పుల్లలు సర్ది అవుటు తీయించాలి. కొన్ని బళ్ళలో రిమ్ము హబ్బుకు సరిగ్గా మధ్యలో కాకుండా ఒకవైపు జరిపి అల్లుతారు. ఎవరో పుల్లలు మార్చినప్పుడు దాన్ని మధ్యకు లాగి ఉంటే చక్రం తప్పుచోట కూర్చుంటుంది. ఇరుసు నిటారుగా ఉందా? మందపాటి అద్దం మీద దొర్లించి చూస్తే వంపు ఇట్టే తెలుస్తుంది. ఫోర్కు లోపలి గొట్టాలనూ అలాగే దొర్లించాలి. స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగితే చక్రం పక్కకు ఊగుతుంది. కోన్‌సెట్ గిన్నెల్లో బాల్స్ గుంతలు చేస్తే హ్యాండిల్ ఒకేచోట తట్టుకుని ఆగుతుంది. చైను బిగించేటప్పుడు రెండు వైపులా సమంగా లాగకపోతే వెనుక చక్రం వంకరగా నిలబడుతుంది. ఫ్రేము వంపుకూ దీనికీ లక్షణాలు ఒకటే. అడ్జస్టరు మీది గీతల్ని నమ్మకుండా, పివట్ బోల్టు మధ్య నుంచి ఇరుసు మధ్య వరకు రెండు వైపులా కొలిచి సమం చేసుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా తేడా మిగిలితే, అప్పుడు ఫ్రేము వంతు.

దారం పరీక్ష

లాగి కట్టిన దారానికి మించిన సరళరేఖ మామూలు షెడ్డులో దొరకదు. దాని బలం పొడవులో ఉంది. బుల్లెట్ రెండు ఇరుసుల మధ్య దూరం 1370 మిల్లీమీటర్లు. వెనుక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే చక్రం దగ్గర నిలబడి ఎంత చూసినా కనబడదు. అదే కోణాన్ని దారంతో ముందు చక్రం దాకా పొడిగిస్తే తేడా 12 మిల్లీమీటర్లవుతుంది. అంత తేడా స్కేలు లేకుండానే కనిపిస్తుంది.

హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం ఈ జిల్లాల గుండానే పోతుంది. పట్టాల వంపును రైల్వే సిబ్బంది కొలిచే పద్ధతి ఇదే సూత్రం మీద నడుస్తుంది. 20 మీటర్ల దారాన్ని వంపు మీద జ్యాలా లాగిపట్టి, నడిమధ్యన దారానికీ పట్టాకూ ఉన్న దూరం చూస్తారు. దాన్ని వర్సైన్ అంటారు. 875 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపుకు అది సుమారు 57 మిల్లీమీటర్లు. దాదాపు కిలోమీటరు వ్యాసార్ధాన్ని ఒక దారం, ఒక స్కేలు పట్టిస్తున్నాయి!

బండికి ఇలా చేయాలి. సెంటర్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టి, అడ్డొచ్చే సైలెన్సరు, ఫుట్‌రెస్టులు తీసేయాలి. సన్నని నైలాన్ దారం, గేలానికి వాడేదైతే మరీ మంచిది; నూలు దారం తేమకు సాగుతుంది, నూగు లేస్తుంది. దారం మధ్య భాగాన్ని వెనుక టైరు వెనక కట్టి, రెండు కొసలనూ చెరో పక్క నుంచి ముందుకు తెచ్చి, ముందు చక్రానికి అవతల ఉన్న రెండు బరువైన స్టూళ్ళకు బిగించాలి. ప్రతి దారం వెనుక టైరు వెనకంచునూ ముందంచునూ మెత్తగా తాకేలా స్టూళ్ళను జరపాలి. టైరును నొక్కినా తప్పే, తాకకపోయినా తప్పే. ఇప్పుడు వెనుక టైరు వెడల్పులో రెండు సమాంతర రేఖలు దొరికాయి.

ముందు చక్రాన్ని తిన్నగా తిప్పి, దాని ముందంచు దగ్గర, వెనకంచు దగ్గర రెండు వైపులా దారానికున్న ఖాళీని కొలవాలి. ముందు టైరు 3.25, వెనుక టైరు 3.50 అంగుళాలైతే తేడా 6 మిల్లీమీటర్ల పైచిలుకు; అన్నీ సరిగా ఉంటే నాలుగు చోట్లా సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ కనిపించాలి. ఒకవైపు 1, ఇంకోవైపు 5 వస్తే ముందు చక్రం 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉందన్నమాట. ఆ తర్వాత దారాన్ని అడ్డు తగలనంత మేరకు పైకి లేపి మళ్ళీ కొలవాలి. కింద ఒక లెక్క, పైన ఇంకో లెక్క వస్తే చక్రం పక్కకు వాలి ఉంది, అంటే ఫ్రేమో ఫోర్కో మెలి తిరిగింది.

దారం బరువుకు మధ్యలో కొంచెం కిందికి కుంగుతుంది. మనం పక్కవాటు దూరం కొలుస్తున్నాం కాబట్టి ఆ కుంగుబాటు లెక్కలోకి రాదు. గాలి మాత్రం వస్తుంది. కళింగపట్నం, భావనపాడు తీరాన మధ్యాహ్నపు సముద్రపు గాలి సన్నని దారాన్ని ఒక్క క్షణం నిలవనివ్వదు. పొద్దున్నే, తలుపులు మూసిన షెడ్డులో కొలవడం మేలు. ఎండ కూడా కొలతను చెడగొడుతుంది. మీటరు ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఒకపక్క ఎండ, ఒకపక్క నీడ ఉంటే ఫ్రేమే తాత్కాలికంగా వంగుతుంది.

ఒట్టి ఫ్రేముకు ఒక త్రిభుజం

దారం పరీక్ష బండి మొత్తాన్ని చూస్తుంది. లోపం ఫ్రేములోనే ఉందని రుజువు కావాలంటే అన్నీ విప్పేసి, ఒట్టి చట్రాన్ని కొలవాలి. దానికి ఊహా అక్షాలను కంటికి కనబడే కడ్డీలుగా మార్చుకోవాలి. లేత్ పనివాడి చేత ముందరి గొట్టానికి పైనా కిందా సరిగ్గా కూర్చునే రెండు కోనులు తీయించి, వాటి నడుమ సానపట్టిన పొడవాటి నిటారు రాడ్డు దూర్చాలి. పివట్ రంధ్రం గుండా ఇంకో రాడ్డు అడ్డంగా పెట్టాలి. ఆ రంధ్రాల్లో వదులు ఉంటే కొలతంతా వృథా.

పివట్ రాడ్డు మీద, ఫ్రేము మధ్య నుంచి ఎడమకు 300, కుడికి 300 మిల్లీమీటర్ల దగ్గర సన్నని గీతలు పెట్టాలి. ఆ రెండు గీతల నుంచి హ్యాండిల్ రాడ్డు పై కొనకు దూరం కొలవాలి. ఎడమ, కుడి సమానమైతే పై కొన నడిమి తలంలో ఉన్నట్టే. ఇప్పుడు కింది కొనకు కొలవాలి. అక్కడా సమానమైతే రాడ్డు మొత్తం ఆ తలంలోనే ఉంది. హైస్కూల్లో చదివిన సమద్విబాహు త్రిభుజమే ఇది: శీర్షం భూమి లంబసమద్విఖండన రేఖ మీద ఉంటేనే రెండు భుజాలూ సమానం. నేల ఎత్తుపల్లాలతో, రసమట్టంతో దీనికి పనిలేదు. ఫ్రేమును మంచం మీద పడుకోబెట్టి కూడా కొలవచ్చు.

సున్నితత్వమూ బాగానే ఉంది. ఫ్రేము మధ్య నుంచి హ్యాండిల్ రాడ్డుకు 700 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుంటే, కింది కొన 3 మిల్లీమీటర్లు పక్కకు పోయినప్పుడు రెండు భుజాల తేడా దాదాపు 2.4 మిల్లీమీటర్లు వస్తుంది. మంచి స్టీలు టేపుకు అది అందుతుంది. పై కొన సరిపోయి కింది కొన తప్పితే మెలి. రెండూ ఒకేవైపు ఒకేలా తప్పితే పక్కవాటు జరుగుడు. ఏ రకం లోపమో తెలిస్తేనే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. లారీ ఛాసిస్ చతురస్రంగా ఉందో లేదో కర్ణాలు కొలిచి సమానమా కాదా అని చూడటం మనవాళ్ళకు తెలియని విద్య కాదు. మోటారు సైకిలుకు కావలసింది ఆ విద్యే, ఇంకాస్త సన్నని గీతతో.

తిప్పి చూస్తే తప్పు దొరుకుతుంది

ఈ పరీక్షలన్నిటికీ ఒక సందేహం ఎదురవుతుంది. మన రసమట్టమే తప్పైతే? మన స్కేలే వంకరైతే? దీనికి ఇంజనీరింగులో అందమైన జవాబు ఉంది: తిప్పి పెట్టి మళ్ళీ చూడటం. రసమట్టాన్ని ఒకవైపు పెట్టినప్పుడు బుడగ కుడికి ఒక గీత జరిగి, కొసలు మార్చి పెట్టినప్పుడు ఎడమకు ఒక గీత జరిగితే ఆ తలం సమంగానే ఉంది, తప్పు రసమట్టానిది. రెండుసార్లూ ఒకే దిక్కుకు పోతే తప్పు తలానిది. అంచు నిటారుగా ఉందో లేదో చూడాలంటే దాని వెంట గీత గీసి, అంచును బోర్లించి మళ్ళీ గీయాలి. రెండు గీతల మధ్య ఖాళీ కనబడితే అందులో సగం ఆ అంచు లోపం. ఫ్రేములో పెట్టిన రాడ్డునూ తన చుట్టూ సగం తిప్పి మళ్ళీ కొలవాలి. కొలత మారితే రాడ్డు వంగి ఉంది, మారకపోతే లోపం ఫ్రేముదే.

జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1840లో నిజమైన సమతలాన్ని ఎలా సృష్టించాలో వివరించాడు. రెండు పలకల్ని ఒకదానితో ఒకటి సరిపోల్చి గీకితే, ఒకటి ఉబ్బుగా ఒకటి గుంటగా మారి కూడా అతుక్కుంటాయి. మూడు పలకల్ని తీసుకుని, ఏ రెండు కలిపినా సరిపోయేదాకా గీకితే మూడూ సమతలాలు కాక తప్పదు. మరో ప్రమాణం లేకుండా, ఒకదాన్ని ఒకటి పరీక్షించుకుంటూ ప్రమాణాన్నే పుట్టించడం ఇది. ఆధునిక యంత్ర పరిశ్రమ ఖచ్చితత్వానికి ఇదొక పునాది.

రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి ఇలాంటి పలకలకు గ్రానైటు వాడకం పెరిగింది. అది తుప్పు పట్టదు, ఉక్కు కంటే తక్కువగా వ్యాకోచిస్తుంది, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుందే తప్ప గట్టు కట్టదు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నీలి గ్రానైటు దూరదేశాలకు వెళ్తోంది. దాని మందపాటి పాలిష్ పలక ఒకటి షెడ్డులో ఉంటే ఫ్రేము కొలవడానికి మంచి పీఠం. అయితే ఆ పాలిష్ అందానికి పెట్టింది, కొలతకు కాదు. నిటారు అంచుతో నలుదిక్కులా, మూలలకూ సరిచూసుకున్నాకే వాడాలి.

తుప్పు తినేసిన గొట్టం

మన తీరప్రాంతపు గాలిలో తేమ ఉంది, ఉప్పు ఉంది. ఉప్పులోని క్లోరైడు ఉక్కు మీది రక్షణ పొరను నిలవనివ్వదు. బయటి తుప్పు గీకితే పోతుంది. గొట్టం లోపలి తుప్పే ప్రమాదం. సీటు కింద, సెంటర్ స్టాండు దగ్గర నీరు నిలిచే మూలల్లో గొట్టం లోపలి నుంచి పలచబడుతుంది. 32 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టంలో అర మిల్లీమీటరు లోపలి నుంచి తినేస్తే, వంగకుండా నిలిచే దృఢత్వం 21 శాతం తగ్గిపోతుంది. ఇలాంటి ఫ్రేమును సరిచేసి జ్యామితి తెచ్చినా, మళ్ళీ బరువు పడితే అది నిలవదు.

చిన్న సుత్తితో తట్టుతూ పోతే ఆరోగ్యంగా ఉన్న గొట్టం ఖంగుమంటుంది, పలచబడ్డచోట మొద్దుగా పలుకుతుంది. అనుమానం వస్తే అల్ట్రాసోనిక్ మందం మీటరుతో చూడటం నమ్మకమైన దారి. బీటల కోసం ఎర్రటి డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాలి. ఎర్ర ద్రవం బీటలోకి దిగుతుంది, పైన తుడిచి తెల్లపొడి చల్లితే బీట ఎర్రటి గీతగా పైకి తేలుతుంది. ఈ పరీక్షను సరిచేసే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయించాలి.

సరిచేయడం: ఎంత, ఎక్కడిదాకా

వంపు రుజువయ్యాక హైడ్రాలిక్ జాకీ పెట్టి తోసేయాలన్న తొందర పుడుతుంది. లోహం అంత తేలికగా మాట వినదు. కావలసినంతే వంచి వదిలితే స్థితిస్థాపకత వల్ల కొంత వెనక్కి వస్తుంది. అందుకే కాస్త దాటించి వంచి, వదిలి, కొలిచి, మళ్ళీ వంచాలి. జర్మన్ ఇంజనీరు యోహాన్ బౌషింగర్ 19వ శతాబ్దంలో ఇంకో సంగతి గమనించాడు. ఒకవైపు హద్దు దాటి వంగిన లోహం, ఎదురు దిశలో ముందుకంటే తక్కువ బలానికే లొంగిపోతుంది. కాబట్టి మొదటి తోపు చాలా చిన్నదిగా ఉండాలి. ఫ్రేమును కదలకుండా పట్టి ఉంచే బలమైన జిగ్‌లో బిగించకుండా ఒకచోట తోస్తే ఇంకెక్కడో వంగుతుంది.

వేడి చేయడం ఇంకా జాగ్రత్తగా ఆలోచించాల్సిన పని. సుమారు 200 నుంచి 350 డిగ్రీల మధ్య, నీలిరంగు తిరిగే వేడిలో మెత్తటి ఉక్కు పెళుసుబారుతుంది. ఆ వేడిలో వంచితే బీటలు పడవచ్చు. పాత బ్రిటిష్ తరహా ఫ్రేముల్లో గొట్టాలను పోత లగ్గుల్లో దూర్చి ఇత్తడితో అతికేవారు. గ్యాసు మంట అతుకును తగిలితే ఇత్తడి మెత్తబడి కీలు వదులవుతుంది. ముడత పడ్డ గొట్టాన్ని వంచి సరిచేయకూడదు. ఆ ముక్కను కోసి అదే మందం గొట్టంతో మార్చడం అనుభవజ్ఞుడైన వెల్డరు పని, అదీ జిగ్‌లోనే.

ఎంత తేడాను వదిలేయవచ్చు? చేత్తో బిగించి, వేడితో అతికిన ఫ్రేముకు సున్నా తేడా ఆశించడం న్యాయం కాదు. అతుకు చల్లారేటప్పుడు కుదించుకుపోయి గొట్టాన్ని కాస్త లాగడం సహజం. చక్రాల తలాలు సమాంతరంగా ఉండి, ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటే వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. అంతటి చిన్న తేడా కోసం లోహాన్ని రెండోసారి హద్దు దాటించడం నష్టం. కోణంలో తేడా ఉంటే, వాలు తగ్గి ట్రెయిల్ పడిపోతే, గొట్టం మీద ముడత ఉంటే మాత్రం రాజీ పడకూడదు.

నంబరున్న ఫ్రేము

ఫ్రేము మార్చేస్తే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఛాసిస్ నంబరు చెక్కి ఉండేది ఆ ఉక్కు మీదే. ఆర్సీ పుస్తకంలోని నంబరుకూ బండికీ ఉన్న బంధం అదే. 2021 జూలైలో కేంద్ర రహదారి రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్‌, ఇంజను వంటివి పెద్దగా మార్చని వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. వాటి నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. రంగు గీకే యంత్రం ఆ నంబరును అరగదీయకుండా, ముందుగానే దాన్ని ఫొటో తీసి, పైన టేపు అంటించి కాపాడుకోవాలి. ఫ్రేము సరిగా కొలిస్తే మార్చాల్సిన అవసరం లేదని తేలే అవకాశమూ ఉంది. ఫ్రేములో లేని లోపానికి ఫ్రేమునే పారేయడం వారసత్వానికి జరిగే అన్యాయం.

కాబట్టి ప్రతి పునరుద్ధరణా ఒక కాగితంతో మొదలవ్వాలి. దాని మీద బండి బొమ్మ, నంబరు, తేదీ, ఎడమ కుడి కొలతలు, తిప్పి చూసినప్పుడు వచ్చిన కొలతలు, సరిచేశాక వచ్చినవి అన్నీ ఉండాలి. జిల్లాల్లోని ఐటీఐ పిల్లలకు ఒక పాత ఫ్రేము, రెండు కడ్డీలు, ఒక దారం ఇచ్చి ఈ కాగితం నింపమంటే జ్యామితి, లోహశాస్త్రం, కొలత శాస్త్రం ఒకే మధ్యాహ్నం చేతికొస్తాయి. బండి అమ్మినా, వారసులకిచ్చినా ఆ కాగితం ఆర్సీతో పాటే వెళ్ళాలి. క్రోమ్ మెరుపు కొన్ని వానాకాలాలకు మాసిపోతుంది. జాతీయ రహదారి మీద 60, 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న మనిషి ప్రాణం మాత్రం ఆ కాగితం మీది మిల్లీమీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది.